పక్క లోయకి తెలియని పునీతులు: అమ్మతో ఉత్తర వేల్స్‌లో ఐదు రోజులు

తిరిగొచ్చి నాలుగు రోజులైంది. కారు డిక్కీలో గొర్రెల పేడ వాసన ఇంకా పోలేదు. ఫ్రిజ్‌లో రెండు సీసాల నీళ్ళున్నాయి, వాటిని ఎవరూ ముట్టుకోకూడదని అమ్మ ఆర్డర్. మర్చిపోకముందే రాసేద్దామని కూర్చున్నాను.

అమ్మ తెనాలి నుంచి మాంచెస్టర్ వచ్చి రెండు నెలలైంది. లండన్ చూపించాను, సరస్సులు చూపించాను, ఏదీ పెద్దగా ఎక్కలేదు. ఒక ఆదివారం పూజ అయ్యాక కారెక్కుతూ, "ఒరే, వీళ్ళకి మన గుణదల లాంటిది ఏదీ లేదా? తిరునాళ్ళు, మొక్కుబడి, అలాంటిది?" అని అడిగింది. అమ్మ రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. ప్రతి ఫిబ్రవరీ మోకాళ్ళు ఎంత నొప్పి పుట్టినా గుణదల కొండెక్కి కొబ్బరికాయ కొట్టి వస్తుంది. నేను గుడికి వెళ్ళేది క్రిస్మస్‌కీ, అమ్మ పక్కనున్నప్పుడూ. కానీ పాత చరిత్ర పిచ్చి ఉంది కాబట్టి, అడిగిందే చాలని వేల్స్ మ్యాప్ తీశాను.

వేల్స్ మ్యాప్ చూస్తే ఎక్కడ వేలు పెట్టినా 'ల్లాన్' అనే ఊరే. ల్లాన్ అంటే మొదట్లో కంచె కట్టిన జాగా, తర్వాత ఆ జాగాలో వెలిసిన గుడి, ఆ తర్వాత గుడి చుట్టూ ఊరు. దాని వెనక సాధారణంగా ఒక మనిషి పేరు ఉంటుంది. ల్లాన్‌బెరిస్ అంటే పెరిస్ గుడి, ల్లాన్‌డిడ్నో అంటే టిడ్నో గుడి. ఈ పెరిస్ ఎవరు, టిడ్నో ఎవరు అంటే కొండ దాటితే చెప్పేవాళ్ళు లేరు. 5, 6, 7 శతాబ్దాల్లో ఒక సన్యాసో, కన్యో ఒక లోయలో గుడిసె వేసుకుని బతికి చనిపోతే, ఊరు ఆ సమాధి చుట్టూ తిరిగింది, అంతే. రోమ్ నుంచి కాగితం ఏమీ రాలేదు. పోపు ఒకరిని పునీతుడని అధికారికంగా ప్రకటించినట్టు దొరికే మొదటి దాఖలా 993 నాటిది. ఆ అధికారం పోపుకొక్కడికే అని చట్టంలో రాసుకున్నది 1234లో. అంతకుముందు ఊరు నమ్మి, ఆ ప్రాంతపు బిషప్ సరేనంటే చాలు.

ఇదంతా అమ్మకి చెప్తే, "మన పోలేరమ్మ లాగా అన్నమాట" అంది. వెంటనే "అలా అనకూడదులే" అని తనే సర్దుకుంది. తర్వాత ఐదు రోజుల్లో ఆ మాట మనసులో కనీసం పదిసార్లు అనుకుని ఉంటుంది, నాకు తెలుసు.

జూన్ 10, హోలీవెల్

వెల్ష్‌లో ఈ ఊరి పేరు ట్రెఫనన్, బావి ఊరు అని. మా ఇంటి నుంచి గంటన్నర కూడా పట్టలేదు. బజారు వీధి కాస్త దిగులుగా ఉంది, సగం షాపులకి షట్టర్లు దించేసి ఉన్నాయి. బావి బజారులో కాదు, కొండవాలున కిందకి దిగాలి. టికెట్ ఖరీదు అక్కడ కాఫీ రేటులో సగం కూడా లేదు, అమ్మ దాన్ని రూపాయల్లోకి మార్చకుండా ఇచ్చిన ఒకే ఒక్క డబ్బు అది.

కథ ఇది. 7వ శతాబ్దం. గ్వెన్‌వ్రెవి అనే అమ్మాయి, ఇంగ్లీషు వాళ్ళ నోట్లో వినిఫ్రెడ్. కారడోగ్ అనే దొరబిడ్డ మీద పడబోతే తప్పించుకుని గుడి వైపు పరిగెత్తింది. వాడు వెంటపడి తల నరికాడు. తల దొర్లి ఆగిన చోట నీళ్ళు ఉబికాయి. గుళ్ళో పూజ చేస్తున్న బెయ్నో బయటికొచ్చి ఆ తలని మొండేనికి పెట్టి ప్రార్థన చేస్తే అమ్మాయి లేచి కూర్చుంది. మెడ చుట్టూ సన్నని తెల్ల గీత మాత్రం జీవితాంతం ఉండిపోయింది.

"ఈ బెయ్నో ఎవరు?"

"అమ్మాయికి మేనమామ."

"అదీ, అలా చెప్పు. మేనమామ కాబట్టి అతికించాడు" అంది అమ్మ, ఇంక ఏ సందేహమూ లేనట్టు.

లోపల నక్షత్రం ఆకారంలో రాతి తొట్టి, మీద గొడుగులా చెక్కిన కప్పు. ఆ కట్టడం 1500 ప్రాంతాల నాటిది. నీళ్ళు అడుగు నుంచి బుడగలు బుడగలుగా పైకొస్తుంటాయి, ఊరికే చూస్తూ నిలబడిపోవచ్చు. రాళ్ళ మీద అక్కడక్కడా ఎర్రటి మచ్చలున్నాయి, అవి ఆ అమ్మాయి నెత్తురని పాతకాలం వాళ్ళు చెప్పుకునేవారు. నిజానికి ఒక రకం నాచు. తొట్టి బయట పొడవాటి కొలను ఉంది, అందులో బెయ్నో రాయి అనే రాయి మునిగి ఉంటుంది. లోపలి చిన్న కొలనులో మూడుసార్లు అటూ ఇటూ దాటి, బయటి కొలనులో ఆ రాయి మీద మోకరించి ప్రార్థన ముగించాలి. స్నానానికి వేళలు ఉంటాయి, బట్టలు మార్చుకోవడానికి గుడారాల్లాంటివి కట్టారు.

అమ్మ మెట్ల దగ్గర చెప్పులు విప్పేసింది. టికెట్ కౌంటర్లో కూర్చున్న పెద్దావిడ కంగారుపడి, అక్కర్లేదు, రాళ్ళు చల్లగా ఉంటాయి అని రెండుసార్లు చెప్పింది. అమ్మ నవ్వి తల ఊపింది గానీ చెప్పులు వేసుకోలేదు. పంజాబీ డ్రెస్ మోకాళ్ళ దాకా మడిచి, ఇనప కడ్డీ పట్టుకుని నీళ్ళలోకి దిగింది. దిగగానే "యేసయ్యా!" అన్న కేక వినపడింది, అది ప్రార్థన కాదు. జూన్ నెలలో కూడా నీళ్ళు ఎముకలు కొరికేస్తున్నాయి. నేను ఒక్క పాదం పెట్టి తీసేశాను. అమ్మ మూడు సార్లూ పూర్తి చేసింది, రాయి మీద మాత్రం మోకరించలేకపోయింది, వంగి చేత్తో తాకి కళ్ళకి అద్దుకుంది.

మాతోపాటు లివర్‌పూల్ నుంచి వచ్చిన మలయాళీ కుటుంబం ఒకటి ఉంది, ఆవిడ నర్సు. ఐదు లీటర్ల క్యాను తెచ్చుకున్నారు. అమ్మ తన చిన్న సీసా చూసి నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

తర్వాత మ్యూజియంలో ఒక బోర్డు చదవబోయి నోరు జారాను. 1917లో దగ్గర్లో గనుల కోసం తవ్విన సొరంగం వల్ల ఈ ఊట పూర్తిగా ఎండిపోయింది. ఇప్పుడు వచ్చేది మరో భూగర్భ ధార నుంచి మళ్ళించిన నీరు. అమ్మ ముఖం ఒక్క క్షణం మారింది. "అంటే ఇవి ఆ నీళ్ళు కావా?" నేనేదో సర్దిచెప్పబోతే తనే ఆపింది. "కృష్ణలో మాత్రం నిన్నటి నీళ్ళా ఏంటి" అని సీసా మూత బిగించింది.

ఈ బావికి జనం రావడం ఎప్పుడూ ఆగలేదట. 16వ శతాబ్దంలో రాజులు పునీతుల సమాధులన్నీ పగలగొట్టించి, మొక్కులు నేరమన్నాక కూడా వచ్చారు. 1686లో రాజు రెండవ జేమ్స్ కూడా భార్యతో వచ్చి కొడుకు కోసం మొక్కుకున్నాడు. మ్యూజియంలో, నడిచి వెళ్ళినవాళ్ళు వదిలేసిన చంకకర్రలు ఉన్నాయి. అమ్మ వాటిని చూసి తన మోకాళ్ళ వైపు చూసుకుంది, ఏమీ అనలేదు.

రాత్రికి గది 68 పౌండ్లు. చిప్స్ కొనుక్కొచ్చాను, వాటి మీద వాళ్ళు కర్రీ సాస్ అని పసుపుపచ్చటి జావ ఒకటి పోసిచ్చారు. అమ్మ వాసన చూసి డబ్బాలోంచి పులిహోర తీసింది.

జూన్ 11, గ్విథెరిన్, తప్పు దారి, పెన్నంట్ మెలంగెల్ల్

గ్వెన్‌వ్రెవి తల అతికాక ఏమైంది? గ్విథెరిన్ అనే కొండ ఊళ్ళో మఠకన్యల పెద్దగా ఉండి అక్కడే చనిపోయింది. అందుకే అక్కడికి వెళ్ళాం. ఊరంటే పదో పదిహేనో ఇళ్ళు, ఒక గుట్ట, గుట్ట మీద గుడి. గుళ్ళో ఇప్పుడు పూజల్లేవు, తలుపు తాళం వేసి ఉంది. కానీ చూడాల్సింది బయటే ఉంది: గుడి పక్క గడ్డిలో వరసగా మోకాలెత్తు రాళ్ళు నాలుగు, ఒకదాని మీద లాటిన్‌లో 'సెనెమాగ్లస్ కొడుకు విన్నెమాగ్లస్' అని. గ్వెన్‌వ్రెవి కంటే కూడా పాతది ఆ రాయి. అంటే ఆవిడ రాకముందే ఇది సమాధుల జాగా. చుట్టూ యూ చెట్లు, ఎంత పాతవంటే మొదళ్ళలో మనిషి దూరేంత తొర్రలు.

ఇక్కడ నాకు కోపం తెప్పించిన విషయం ఒకటుంది. 1138లో ష్రూస్‌బరీ అనే పట్నంలోని మఠం వాళ్ళు వచ్చి ఆవిడ ఎముకలు తవ్వుకుని పట్టుకెళ్ళిపోయారు. వాళ్ళది కొత్త మఠం, పేరున్న పునీతులు లేరు, యాత్రికులు రావాలంటే ఎవరో ఒకరు కావాలి. తీసుకెళ్ళిన రాబర్ట్ అనే ఆ మఠం సన్యాసే తర్వాత ఆవిడ జీవితచరిత్ర రాశాడు, ఆవిడే మమ్మల్ని పిలిచింది అన్న ధోరణిలో. మనకి తెలిసిన కథ చాలావరకు ఇలా 500 ఏళ్ళ తర్వాత రాసిందే కాబట్టి, అసలు గ్వెన్‌వ్రెవి అనే మనిషే లేదేమో అన్నవాళ్ళు కూడా ఉన్నారు. అయితే ఈ ఊళ్ళో ఆవిడ పేరుతో ఒక చెక్క పెట్టె ఉండేది, చిన్న ఇల్లు ఆకారంలో, లోహపు పలకలతో. 1690లలో ఎడ్వర్డ్ ల్విడ్ అనే పండితుడు దాని బొమ్మ గీయించాడు, తర్వాత పెట్టె కనపడకుండా పోయింది. 1991లో దాని ముక్క ఒకటి హోలీవెల్‌లోనే బయటపడింది. పనితనం 8వ శతాబ్దానిది. అంటే ఆవిడ పోయిన వందేళ్ళకే ఇక్కడి జనం ఆవిడ వస్తువులనో ఎముకలనో పెట్టెలో పెట్టి మొక్కుతున్నారు. తల తెగడం సంగతి నాకు తెలియదు గానీ మనిషి మాత్రం ఉంది.

"ఊళ్ళో దేవతని పట్నం వాళ్ళు ఎత్తుకెళ్ళారు, అంతేగా" అంది అమ్మ. "అయినా వాళ్ళకేం మిగిలింది?" ఏమీ మిగల్లేదు. ష్రూస్‌బరీలో ఆ సమాధిని 1540లో పగలగొట్టేశారు.

తర్వాత వెళ్ళాల్సింది పెన్నంట్ మెలంగెల్ల్. దాని దగ్గరి ఊరు ల్లాన్‌గినోగ్ అని ఫోనులో కొట్టి బయల్దేరాను. గంట నడిపాక చుట్టూ నల్లటి పలకరాళ్ళ గుట్టలు, వర్షం. బ్లైనవ్ ఫెస్టినియోగ్ అని బోర్డు. ఎక్కడో తేడా కొట్టి బండి పక్కన ఆపి చూస్తే ఇంకా రెండున్నర గంటల దారి చూపిస్తోంది. నేను వెళ్ళాల్సిన ల్లాన్‌గినోగ్ తూర్పున ఉంది. ఫోను నన్ను దక్షిణాన సముద్రం దగ్గరున్న ఇంకో ల్లాన్‌గినోగ్‌కి తీసుకెళ్తోంది! కినోగ్ అనే పునీతుడి పేరుతో గుళ్ళు రెండుంటే ఫోను మాత్రం ఏం చేస్తుంది. ఇలా ఒకే పునీతుడి పేరుతో నాలుగైదు ఊళ్ళున్న కేసులు వేల్స్ నిండా ఉన్నాయి. ఆయనే తిరిగాడా, శిష్యులు తిరిగారా, ఎముకలు తిరిగాయా అని పండితులు వందేళ్ళుగా కొట్టుకుంటున్నారు. నాకు అది పెట్రోలు లెక్కలో తెలిసొచ్చింది. అమ్మ జపమాల తీసింది.

బాలా మీదుగా కొండ దాటి వచ్చేసరికి మధ్యాహ్నం మూడు. ల్లాన్‌గినోగ్ నుంచి పెన్నంట్ మెలంగెల్ల్‌కి రెండు మైళ్ళు, కానీ ఆ రెండు మైళ్ళూ ఒక్క కారు పట్టే సందు. ఎదురుగా బండి వస్తే చోటు ఎవరికి దగ్గరుంటే వాళ్ళు వెనక్కి వెళ్ళాలి. ఒక రైతు ట్రాక్టరుకి ట్రాలీ తగిలించుకుని కూడా నా కోసం వెనక్కి వెళ్ళాడు, పోతూ స్టీరింగ్ మీద నుంచి ఒక్క వేలు లేపాడు. అది ఇక్కడి నమస్కారం. తర్వాతి బండికి నేనూ వేలు లేపాను, గర్వంగా అనిపించింది.

మెలంగెల్ల్ పేరు పలకడం అమ్మకి పెద్ద పరీక్ష. చివరి అక్షరానికి నాలుక అంగిలికి ఆనించి పక్కల నుంచి గాలి వదలాలి. అమ్మ 'మెలంగమ్మ' అని ఫిక్స్ చేసేసింది, ఇక నేను కూడా అలాగే రాస్తాను.

మెలంగమ్మ ఐర్లండ్ రాజు కూతురు, పెళ్ళి ఇష్టం లేక పారిపోయి ఈ లోయలో దాక్కుంది. 604లో అంటారు, పోవిస్ అనే ఈ ప్రాంతపు రాజు బ్రొఖ్వెల్ వేటకొచ్చాడు. కుక్కలు తరుముతుంటే ఒక కుందేలు ముళ్ళపొదల్లో ప్రార్థన చేసుకుంటున్న ఈవిడ పావడా కింద దూరింది. కుక్కలు ముందుకు పోలేదు. వేటగాడు బూర ఊదబోతే అది పెదవులకి అతుక్కుపోయింది. రాజు దండం పెట్టి లోయంతా ఆవిడకి రాసిచ్చేశాడు, ఇక్కడికొచ్చి దాక్కున్న ఎవరినీ, దేన్నీ తరమకూడదని. చాలా కాలం ఈ ఊరివాళ్ళు కుందేలు చంపలేదు. వాటిని 'మెలంగెల్ల్ గొర్రెపిల్లలు' అనేవాళ్ళు. తరుముతున్న కుందేలు వెనకాల 'దేవుడూ మెలంగెల్లూ నిన్ను కాపాడాలి' అని అరిస్తే అది తప్పించుకుంటుందని నమ్మకం.

గుడి చిన్నది, చెక్క తెర మీద ఆ కుందేలూ ఆవిడా చెక్కి ఉన్నారు. లోపల మెలంగమ్మ సమాధి మందిరం ఉంది, 12వ శతాబ్దపు రాతి పని. దాన్ని కూడా పగలగొట్టేశారు. కానీ ఊరివాళ్ళు ముక్కల్ని పారెయ్యలేదు, గుడి గోడల్లో, గేటు గోడలో రాళ్ళుగా పెట్టి కట్టుకున్నారు. 20వ శతాబ్దంలో ఆ ముక్కలన్నీ గోడల్లోంచి ఊడదీసి మళ్ళీ నిలబెట్టారు. కొత్త రాయి ఎక్కడ, పాత రాయి ఎక్కడ అన్నది కంటికే తెలుస్తుంది. నాకు ఈ యాత్ర మొత్తంలో బాగా నచ్చిన వస్తువు ఇది.

మందిరం కింద చీటీలు పెట్టే చోటు ఉంది. జబ్బుల గురించీ పిల్లల గురించీ రాసినవి, ఇంగ్లీషులో, వెల్ష్‌లో, ఏదో పోలిష్ లాంటి భాషలో. అమ్మ నా దగ్గర పెన్ను తీసుకుని, అటు తిరిగి, తెలుగులో ఐదారు లైన్లు రాసి మడిచి పెట్టింది.

"ఏం రాశావమ్మా?"

"నీకు రాసింది కాదుగా."

"ఆవిడకి తెలుగు రాదు."

"ఐర్లండ్ నుంచొచ్చింది అన్నావు, వీళ్ళ భాష మాత్రం ఆవిడకి వచ్చా?"

గుడి చుట్టూ ఉన్న యూ చెట్లు క్రీస్తు కంటే పాతవంటారు. లోయ చివర జలపాతం. మేం ఉన్న గంటన్నరలో వచ్చినవాళ్ళు ఇద్దరే, వాళ్ళూ టీ పెట్టుకుని వెళ్ళిపోయారు. అక్కడ కెటిల్, కప్పులు, బిస్కెట్లు పెట్టి పక్కన డబ్బా ఉంచారు, తాగి మనకి తోచింది వెయ్యడమే. అమ్మ డబ్బాలో రెండు పౌండ్లు వేసి కప్పులు కడిగి బోర్లించింది, మా ముందువాళ్ళవి కూడా. కుందేలు ఒక్కటి కూడా కనపడలేదు.

జూన్ 12, క్లన్నోగ్ వౌర్

బాలాలో బ్రేక్‌ఫస్ట్ ఉన్న గది 85 పౌండ్లు. ఇంటావిడ అమ్మని చూసి 'బోరె దా' అంది, అమ్మ కూడా 'బోరెదా' అంది, ఇద్దరూ అక్కణ్ణుంచి ఎవరి భాషలో వాళ్ళు గుడ్ల గురించి మాట్లాడుకున్నారు.

మేనమామ బెయ్నో ఉన్నది క్లన్నోగ్ వౌర్‌లో, సముద్రం పక్కన. చనిపోయింది 640 ప్రాంతం. ఊరు ఎంత చిన్నదో గుడి అంత పెద్దది, ఎన్లీ దీవికి వెళ్ళే యాత్రికులు ఇక్కడ ఆగేవారు కాబట్టి వాళ్ళ డబ్బుతో పెరిగింది. పక్కనే సన్నని దారితో కలిపిన చిన్న గది, దాని పేరు 'కపెల్ ఎ బెద్', సమాధి గది.

ఈ గది గురించి చదివింది అమ్మకి అనువాదం చేసి చెప్తున్నాను: జబ్బు మనిషిని ముందు రోడ్డు పక్కనున్న బెయ్నో బావిలో స్నానం చేయించి, తర్వాత ఈ సమాధి మీద రాత్రంతా పడుకోబెట్టేవారు, నిద్ర పడితే నయమవుతుందని...

"నిద్ర చెయ్యడం" అంది అమ్మ.

నేను ఆగిపోయాను. అవును, మనం దానికి పెట్టుకున్న మాట అదే. గుళ్ళో మూడు నిద్రలు చేస్తానని మొక్కుకోవడం, దర్గాలో నిద్ర చెయ్యడం. దాన్ని నేను పది నిమిషాలుగా 'స్వస్థత కోసం సమాధి సన్నిధిలో శయనించడం' లాంటి మాటలతో తిప్పుతున్నాను! 18వ శతాబ్దం చివర్లో థామస్ పెన్నంట్ అనే యాత్రికుడు ఇక్కడికొచ్చేసరికి సమాధి మీద ఇంకా ఈకల పరుపు పరిచి ఉందట, పక్షవాతం వచ్చిన పేదవాడొకడు ముందు రాత్రంతా దాని మీద పడుకున్నాడని చెప్పారట. మొక్కులు నిషేధించి రెండు వందల ఏళ్ళు దాటాక సంగతి ఇది.

గుళ్ళో 'కిఫ్ బెయ్నో' అనే పెట్టె ఉంది. ఒకే దుంగని తొలిచి చేసింది, ఇనప పట్టీలు, మూడు తాళాలు. బద్దలుకొట్టలేని పనికి 'బెయ్నో పెట్టె పగలగొట్టినట్టే' అని వెల్ష్‌లో సామెత కూడా ఉందిట. ఈ పెట్టెలో పడే డబ్బులో కొంత పశువులది. దూడో గొర్రెపిల్లో చెవికి పుట్టుకతోనే గాటుతో పుడితే అది బెయ్నోది, 'బెయ్నో గుర్తు' అంటారు. దాన్ని గుడికి ఇచ్చెయ్యాలి, లేదా అమ్మి డబ్బు పెట్టెలో వెయ్యాలి. 1589లో ఒకడు ఇదంతా చూసి పైవాళ్ళకి ఫిర్యాదుగా ఉత్తరం రాశాడు: జనం కోడెల్ని తోలుకొచ్చి 'దేవుడికీ బెయ్నోకీ' అని వదులుతున్నారు, గుడి ఆవరణలోకి దూడ గెంతుతూ పోతే బెయ్నో తన వాటా తీసుకున్నాడని కేకలేస్తున్నారు అని. ఆ మనిషి ఎంత కోపంగా రాశాడో, ఆ కోపం వల్లే మనకిదంతా తెలిసింది. అమ్మకి ఇదీ విడమర్చి చెప్పాల్సిన పని పడలేదు. "ఆంబోతుని అచ్చుబొయ్యడం. మా తాతయ్య వాళ్ళ ఊళ్ళో ఉండేది. ఎవరి చేలో పడి మేసినా కొట్టేవాళ్ళు కాదు."

గుడి స్తంభాలు గీకి ఆ పొడి నీళ్ళలో కలిపి కళ్ళకి రాసుకునేవాళ్ళట. ఇది చెప్పడం నా తప్పు. ఐదు నిమిషాల తర్వాత చూస్తే అమ్మ ఎవరూ లేకుండా చూసి చేతిరుమాలుతో ఒక స్తంభాన్ని తుడుస్తోంది. గీకలేదు, తుడిచింది, ఆ తేడా నాకు గట్టిగా చెప్పింది.

బావి రోడ్డు పక్కనే ఉంది, రాతి మెట్లు, చుట్టూ బెంచీలాగా గట్టు, లోపల నాచు, ఒక చిప్స్ కవరు. అమ్మ కవరు తీసి చెత్తబుట్ట కోసం వెతికింది, దొరక్క కారులో పెట్టింది. రెండో సీసా ఇక్కడిదే.

ఒక్క కథ చెప్పకుండా ఉండలేను. బెయ్నో సముద్రం దాటుతుంటే ఆయన ప్రసంగాల పుస్తకం నీళ్ళలో పడిపోయింది. ఒక కర్ల్యూ, పొడుగు ముక్కు ఉల్లంకి లాంటి పిట్ట, దాన్ని ఒడ్డుకు చేర్చింది. అందుకని ఆ పిట్ట గూడు ఎవరికీ సులభంగా దొరక్కూడదని దీవించాడు. ఒడ్డున కూర్చుంటే నిజంగానే ఏదో పిట్ట కూసింది. అదే అని నేనూ, కాకపోయినా పర్లేదని అమ్మా.

జూన్ 13, అబెర్‌డారోన్

భూమి అయిపోయే చోటు. గుడి సముద్రానికి ఎంత దగ్గరంటే సమాధుల గోడ కిందే ఇసుక. పునీత హవిన్ గుడి ఇది. ఆర్. ఎస్. థామస్ అనే పెద్ద కవి 1967 నుంచి 1978 దాకా ఇక్కడ విచారణ గురువుగా ఉన్నాడు. నేను వచ్చింది లోపలున్న రెండు రాళ్ళ కోసం. 5వ శతాబ్దం చివరో 6 మొదలో, ఇద్దరు గురువుల సమాధి రాళ్ళు, వెరాకియస్, సెనాకస్. సెనాకస్ రాయి మీద, ఈయన ఇక్కడ ఎంతోమంది సోదరులతో పాటు పడుకుని ఉన్నాడు అని ఉంది. ఎదురుగా సముద్రంలో రెండు మైళ్ళ అవతల ఎన్లీ దీవి, అందులో 20,000 మంది పునీతులు పాతిపెట్టి ఉన్నారని మధ్యయుగాల నుంచి చెప్తారు. ఆ అంకె ఎవరు లెక్కపెట్టారో గానీ, 'ఎంతోమంది సోదరులు' అన్న ఆ ఒక్క మాటే ముదిరి ఇరవై వేలయ్యిందని నా అనుమానం. పేర్లు తెలిసినవాళ్ళు చాలా తక్కువ. పేరున్నవాళ్ళలో ఒకడైన డఫ్రిగ్ ఎముకలని 1120లో దక్షిణాన ల్లాండాఫ్ బిషప్ పట్టుకెళ్ళాడు, మళ్ళీ అదే కథ.

దీవికి మూడుసార్లు వెళ్తే రోమ్‌కి ఒకసారి వెళ్ళినట్టు అని లెక్క ఉండేది. అమ్మ ఇది విన్న దగ్గర్నుంచి చాలా ఆసక్తిగా ఉంది. రోమ్ టికెట్ ధర తనకి తెలుసు.

ఊళ్ళో 'పెద్ద వంటిల్లు' అనే పాత ఇల్లుంది, 1300 ప్రాంతం నుంచి దీవికి వెళ్ళేవాళ్ళకి అన్నం పెట్టిన చోటట. ఇప్పుడు హోటలు. అప్పట్లో ఉచితంగా పెట్టేవాళ్ళట, మాకు రెండు టీలు, రెండు బారా బ్రిత్ ముక్కలు, ఒక పీత శాండ్‌విచ్ కలిపి 21 పౌండ్లయింది. బారా బ్రిత్ అంటే టీలో నానబెట్టిన ఎండుద్రాక్షతో చేసే రొట్టె లాంటి కేకు, దాని మీద ఉప్పు వెన్న. అమ్మకి ఈ దేశంలో నచ్చిన మొదటి తిండి. పీత మాత్రం "ఇందులో కారం ఏది" అని పక్కన పెట్టి, బ్యాగులోంచి గోంగూర పచ్చడి తీసి, అటూ ఇటూ చూసి, రాసుకుని మొత్తం తినేసింది.

జూన్ 14, రాని పడవ

పొద్దున్న ఆరున్నరకి ఫోనులో మెసేజ్: అలలు ఎక్కువగా ఉన్నాయి, ఇవాళ దీవికి పడవ లేదు, డబ్బు వాపసు. తలా యాభై పౌండ్ల పైచిలుకు పోలేదు కదా అని నాకు కాస్త ఊరటే. అమ్మ అప్పటికే తల దువ్వుకుని, పూలున్న చీర కట్టుకుని కూర్చుంది.

కొండ మీదికి కారు వెళ్తుందంటే ఎక్కాం. గాలికి కారు తలుపు తెరవడమే కష్టమైంది. ఎదురుగా దీవి. ఇళ్ళూ పొలాలూ పాత మఠం గోపురమూ అన్నీ అవతలి వైపు, ఇటు వైపు వాళ్ళకి కనపడేది కొండ వీపు మాత్రమే, పడుకున్న గేదెలా నల్లగా. మధ్యలో నీళ్ళు తెల్లగా ఉడుకుతున్నాయి. కింద రాళ్ళలో మరియమ్మ బావి ఉంది, పోటు వస్తే సముద్రం కప్పేసినా మళ్ళీ మంచినీళ్ళే ఊరతాయట. ఆ దారి మోకాళ్ళున్నవాళ్ళకి కూడా కష్టమే, మేం దిగలేదు. అమ్మ దీవి వైపు తిరిగి కొంగు తల మీద కప్పుకుని, గాలి లాగేస్తుంటే గట్టిగా పట్టుకుని, జపమాల పూర్తయ్యేదాకా నిలబడింది. నేను కారులో హీటర్ వేసుకుని కూర్చున్నాను.

వెళ్ళిపోయే ముందు పడవలు బయల్దేరే రేవుకి కూడా నడిచాం. పోర్థ్ మెయ్‌డ్వి, సన్యాసి రేవు అని అర్థం. పడవాయన ట్రాక్టరు దగ్గర ఏదో బిగించుకుంటున్నాడు. రేపు కూడా అనుమానమే అన్నాడు. వెనకటి రోజుల్లో ఇక్కడే వారాల తరబడి గాలి తగ్గేదాకా కూర్చునేవాళ్ళు అన్నాడు, మాకు సోమవారం ఆఫీసుంది అన్నాను.

అమ్మ నా చొక్కా లాగింది. "మూడుసార్లు వస్తే రోమ్‌కి ఒకసారి అన్నావుగా. ఇంతదాకా వచ్చాం, గాలివల్ల ఆగిపోయాం, మన తప్పు కాదు. ఇవాళ్టిది ఒకటి లెక్కలోకొస్తుందేమో ఆయన్ని అడుగు."

అడిగాను. ఆయన స్పానర్ కింద పెట్టి చాలా సీరియస్‌గా ఆలోచించాడు, దీవి వైపు ఒకసారి చూశాడు, అమ్మ వైపు చూశాడు.

"దిగితేనే లెక్క" అన్నాడు.

అమ్మకి తెలుగులో చెప్పాను. తల ఊపింది, ఆయన చెప్పింది న్యాయంగానే ఉందన్నట్టు. పైకి నడిచే దారిలో మధ్యలో ఆగి, మోకాలు నొక్కుకుంటూ, "ఈ పడవలు ఏ నెల దాకా నడుస్తాయో కనుక్కున్నావా?" అంది.